మహామారి కాలమున కోర్టులు: ఆగవలసిన గడువులు, ఆగగూడని గడువులు

అంటువ్యాధి ప్రబలినపుడు సంతలను, బడులను, సినిమాహాళ్లను మూయవలెనని స్థానికాధికారులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కోర్టు సంగతి మాత్రము అంత వెంటనే స్ఫురింపదు. కాని జనసమ్మర్దము విషయమున జిల్లా కోర్టు ఆవరణము వారపు సంతకు తీసిపోదు. ఉదయమున కక్షిదారులు, వారి బంధువులు, సాక్షులు, వకీళ్లు, గుమాస్తాలు, స్టాంపులమ్మువారు, పోలీసు కాపుదలతో జైలునుండి వచ్చిన ముద్దాయిలు, అందఱును ఇఱుకైన వరండాలలో తమ కేసు పిలుపు వచ్చువఱకు కాచుకొనియుందురు. గాలి చాలని హాలులో పదులకొలది మంది ఒకేసారి నిలుతురు. వీరందఱిలో ముద్దాయిల రాకపోకలు ఎక్కువ ప్రమాదకరములు. ఏలయన, ఉదయము కోర్టుకు వచ్చిన ఖైదీ సాయంకాలమునకు జైలు చేరి, తాళము వేసిన గదిలో మఱి కొందఱితో కలిసి రాత్రి గడపవలసినవాడు. వాడు పట్టణమునుండి తెచ్చిన వ్యాధి జైలులో ప్రవేశించినయెడల దానిని ఆపుట దుర్ఘటము. కావున వ్యాధి తీవ్రముగా నున్న దినములలో కోర్టుల పనిని తగ్గించుట ఆరోగ్యరక్షణ దృష్టితో చూడగా సమంజసమైన చర్యయే.

అయితే సంతను మూసినపుడు అమ్మకము నిలిచిపోవును. కోర్టును మూసినపుడు కాలము నిలువదు. దావా వేయుటకు, అప్పీలు చేసికొనుటకు, పోలీసువారు చార్జిషీటు దాఖలుచేయుటకు, చావును రిజిస్టరు చేయించుటకు చట్టము వేర్వేఱు గడువులను నిర్ణయించియున్నది. కోర్టు తలుపు మూసియున్న దినములలో సైతము ఈ గడువులు నడచుచునే యుండును. 2020వ సంవత్సరపు మార్చి నెల మొదలు రెండు సంవత్సరముల పాటు కోవిడ్ వ్యాధి వలన భారతదేశపు న్యాయస్థానములకు కలిగిన చిక్కులలో పెక్కింటికి మూలమిదియే. ఏ గడువును ఆపవలెను, ఏ గడువును ఎట్టి పరిస్థితిలోను ఆపగూడదు అను ప్రశ్నకు సమాధానము కొంతవఱకు సుప్రీంకోర్టు తీర్పులలో దొరకినది. మిగిలిన భాగము తాలూకా కచ్చేరిలోను, మునిసిపలు ఆఫీసులోను తేలవలసివచ్చినది.

మొదట ఆగవలసిన గడువు సంగతి. ప్రోనోటుపై అప్పిచ్చినవాడు మూడు సంవత్సరములలో దావా వేయనియెడల ఆ పత్రమునకు కాలదోషము పట్టును. అప్పుడు బాకీ నిజమే యైనను కోర్టు దానిని వసూలు చేయింపజాలదు. గడువు ముగిసిన దినమున కోర్టు మూసియున్నచో, మరల తెఱచిన దినమున దావా వేయవచ్చునని 1963 లిమిటేషను చట్టము 4వ సెక్షను చెప్పుచున్నది. కాని 2020లో కోర్టులు పేరునకు తెఱచియే యుండెను. అత్యవసర వ్యవహారములు నడచుచుండెను. మూతపడినది కోర్టు కాదు, కోర్టుకు పోవు దారి. మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌను అమలునకు వచ్చి, బస్సులు, రైళ్లు నిలిచిపోయినవి. ఆలస్యమునకు తగిన కారణము చూపినచో మన్నించుటకు 5వ సెక్షనులో వీలున్నది గాని, అది అప్పీళ్లకు, దరఖాస్తులకు వర్తించునే తప్ప దావాకు వర్తింపదు. ఈ రెండు సెక్షనుల నడుమ చిన్న అప్పులవారు, భూమి తగాదాలవారు చిక్కుకొనిరి.

ఈ చిక్కును సుప్రీంకోర్టువారు ఎవ్వరును అడుగక మునుపే, అనగా లాక్‌డౌనునకు రెండు దినములు ముందుగా, 2020 మార్చి 23వ తేదీన గ్రహించిరి. రాజ్యాంగము 142వ అధికరణము క్రింద తమకుగల అధికారముతో, ఆ మార్చి 15వ తేదీ మొదలు అన్ని గడువులను పొడిగించిరి. వ్యాధి తగ్గినదని 2021 మార్చిలో ఆ పొడిగింపును ముగించిరి. రెండవ విజృంభణము రాగా ఏప్రిల్ 27న మరల కల్పించిరి. అక్టోబరులో మరల ముగించిరి. తుదకు 2022 జనవరి 10వ తేదీ ఉత్తర్వులో లెక్కను స్థిరపఱచిరి. దాని ప్రకారము 2020 మార్చి 15 మొదలు 2022 ఫిబ్రవరి 28 వఱకు గల కాలమును గడువు లెక్కలోనుండి తీసివేయవలెను. ఈ మధ్య కాలమున గడువు ముగిసినవారికి 2022 మార్చి 1 మొదలు 90 దినములు లభించును. మిగిలిన కాలము అంతకంటె ఎక్కువయైనచో ఆ యెక్కువయే లభించును. కావున 2020 ఏప్రిల్ 10వ తేదీన కాలదోషము పట్టవలసిన ప్రోనోటుపై 2022 మే నెలాఖరు వఱకు దావా చెల్లెను. ఈ ఉత్తర్వు కోర్టులకే కాక అర్ధన్యాయ వ్యవహారములకును వర్తించునని స్పష్టముగ వ్రాయబడినది. తహశీల్దారు ఉత్తర్వుపై పై యధికారికి పోవు అప్పీలు అట్టిదే. ఆ సంవత్సరముల నాటి ఫైళ్లలో ఆలస్యమను కారణముతో త్రోసివేసిన అప్పీలు ఏదైనను మరల చూడవలసివచ్చినచో ఈ తేదీలను దృష్టియందుంచుకొని లెక్కింపవలయును.

ఇక ఆగగూడని గడువు. ఒక మనుష్యుని అరెస్టు చేసినపుడు, నేరము గురుత్వమును బట్టి 60 లేక 90 దినములలో దర్యాప్తు ముగించి చార్జిషీటు దాఖలుచేయనిచో, జామీను ఇచ్చుటకు సిద్ధముగానున్న ముద్దాయిని విడువవలెను. ఇది అప్పటి క్రిమినలు ప్రొసీజరు కోడు 167వ సెక్షను రెండవ ఉపవిభాగములోని నియమము. 2024 జులై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 187వ సెక్షనులో ఉన్నది. సుప్రీంకోర్టువారు గడువులన్నిటిని పొడిగించిరి గనుక తమ గడువును పొడిగినట్లే యని పోలీసువారు వాదించిరి. మదురై ప్రాంతపు ఒక కేసులో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి యొకరు 2020 మేలో ఈ వాదము నంగీకరించి, నియమిత దినములు గడచినను ముద్దాయికి జామీను నిరాకరించిరి. అంతకు మునుపే అదే హైకోర్టులో వేఱొక న్యాయమూర్తి దీనికి విరుద్ధముగ తీర్పు చెప్పియుండిరి. 2020 జూన్ 19వ తేదీన సుప్రీంకోర్టు ఈ తగవును తీర్చినది. కోర్టునకు రాజాలని కక్షిదారుని కాపాడుటకై చేసిన ఉత్తర్వు పోలీసు దర్యాప్తునకు వర్తింపదనియు, లాక్‌డౌను వలన ముద్దాయి స్వేచ్ఛ తగ్గిపోలేదనియు చెప్పి, జామీను మంజూరుచేసినది.

ఈ తీర్పు చిన్నదైనను ప్రధానమైనది. ఒకే వ్యాధి, ఒకే లాక్‌డౌను; అయినను దావాదారుని గడువు ఆగినది, నిర్బంధపు గడువు ఆగలేదు. మొదటిదానిని ఆపినచో పౌరుని హక్కు నిలుచును. రెండవదానిని ఆపినచో హక్కు పోవును. ఇతర గడువులను గూర్చి సందేహము కలిగినపుడు సైతము ఈ భేదమే ఉపకరించును.

జైళ్ల సంగతి లెక్కలతో చూడవలసినది. 2020 మార్చి 23వ తేదీననే వేఱొక ఉత్తర్వులో, ప్రతి రాష్ట్రమునందును ఉన్నతాధికార సంఘము నేర్పఱచి, ఏడు సంవత్సరముల వఱకు శిక్షగల నేరములలో నున్న ఖైదీలను పెరోలుపై గాని తాత్కాలిక జామీనుపై గాని విడుచుటను పరిశీలింపవలెనని సుప్రీంకోర్టువారు ఆదేశించిరి. వేలకొలది ఖైదీలు విడుదలయైరి. రెండవ విజృంభణమున, 2021 మే 7న, మరల అట్టి ఉత్తర్వే వెలువడినది. ఇంత చేసినను జాతీయ నేర రికార్డుల బ్యూరోవారి లెక్కలలో జైళ్లు పలుచబడలేదు. 2019 సంవత్సరాంతమున 4,78,600 మంది ఖైదీలుండగా, 2020 చివరకు 4,88,511 మందియు, 2021 చివరకు 5,54,034 మందియు నుండిరి. ఇందు శిక్ష పడినవారి సంఖ్య 2019లో 1,44,125 నుండి 2020లో 1,12,589కి తగ్గినది. విచారణ ఖైదీలు మాత్రము 3,30,487 నుండి 3,71,848కి పెరిగి, 2021 నాటికి 4,27,165 అయిరి. నూటికి 69 వంతులుగా నుండిన విచారణ ఖైదీలు 77 వంతులైరి. జైళ్లలో చోటునకు మించిన జనము 118 వంతులనుండి 130 వంతులకు పెరిగినది.

కారణము దురూహ్యము కాదు. అరెస్టులు ఆగలేదు, సాక్షుల విచారణ ఆగినది. ముందు ద్వారము తెఱచియుండ వెనుక ద్వారము మూసికొన్నది. విడుదలయైనవారు మరల లొంగిపోవలసిన తేదీ వచ్చుసరికి, కొత్తవారు లోపల చేరియుండిరి. జనమును తగ్గించి వ్యాధిని ఆపవలెనన్న ఆరోగ్య ప్రయత్నమును కోర్టుల స్తంభనమే కొంతవఱకు వమ్ముచేసినదనుట అతిశయోక్తి కాదు.

విడుదల ఉత్తర్వు వచ్చిన తరువాతి ఘట్టము నేరుగా తాలూకా అధికారులకు సంబంధించినది. జామీను మంజూరైనను ఇద్దఱు పూచీదారులు రావలెను. వారి ఆస్తి విలువకు తహశీల్దారు ఇచ్చు సాల్వెన్సీ సర్టిఫికెట్టో, మునిసిపలు ఇంటిపన్ను రశీదో దాఖలుచేయవలెను. లాక్‌డౌనులో కచ్చేరి సిబ్బంది వలసకూలీల పనులలో, కట్టడి ప్రాంతముల కాపలాలో, బియ్యము పంపకములో మునిగియుండిరి. సర్టిఫికెట్ల పని ప్రక్కకు పోయెను. ఇది ఎవరి దోషమును కాదు గాని, ఆ కాగితము కొఱకు ఒక మనుష్యుడు జైలులో వ్యాధిభయముతో కాచుకొనియుండెనన్న సంగతి ఆ ఫైలుపై ఎక్కడను వ్రాసియుండదు. కొన్ని హైకోర్టులు ఈ అవస్థ గమనించి, సొంత పూచీకత్తుపైననే విడువవచ్చునని ఉత్తర్వులిచ్చినవి. తరువాత 2023 జనవరి 31వ తేదీన సుప్రీంకోర్టువారు శాశ్వతమైన సూచనలు చేసిరి. జామీను మంజూరైన ఏడు దినములలో విడుదల కానివాని సంగతిని జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలుపవలెను; ఒక నెలలో పూచీకత్తు దాఖలు కానిచో షరతును సడలించుటను కోర్టు తానుగా పరిశీలింపవచ్చును. తమ యొద్ద పెండింగులోనున్న సాల్వెన్సీ దరఖాస్తులలో జైలులోనున్నవారికి సంబంధించినవి ఏవో తహశీల్దారు విడిగా గుర్తుపెట్టించుట కష్టమైన పని కాదు.

వీడియో ద్వారా విచారణలను గూర్చి పెక్కు ప్రశంసలు వినబడినవి. 2020 ఏప్రిల్ 6వ తేదీ ఉత్తర్వుతో సుప్రీంకోర్టువారు వీటికి చట్టబద్ధతను కల్పించిరి. వాదనలు వినుట, రిమాండు పొడిగించుట, జామీను దరఖాస్తులు తీర్చుట వీడియోలో సాగినవి. ఖైదీని జైలు దాటింపకయే రిమాండు పొడిగించుట ఆరోగ్య దృష్టితో నిజమైన లాభము. కాని పోలీసు కస్టడీకి ఇచ్చునపుడు ముద్దాయిని మేజిస్ట్రేటు కన్నులార చూడవలెనను నియమమును చట్టము సడలింపలేదు, అది సడలింపరానిదే. దెబ్బల గుర్తులు తెరపై కనబడవు. సాక్ష్యమును సైతము ఉభయపక్షముల సమ్మతి లేక వీడియోలో నమోదుచేయరాదని ఏప్రిల్ 6 ఉత్తర్వే చెప్పినది. అందువలన క్రింది కోర్టులలో అసలు విచారణలు నిలిచియే యున్నవి. 2020 ఆరంభమున మూడు కోట్లను కొంత మించి యుండిన జిల్లా కోర్టుల పెండింగు కేసులు, 2022 నాటికి నాలుగు కోట్లు దాటినవి.

పల్లెటూరి కక్షిదారునకు తెరయే మఱొక తలుపైనది. మంచి ఫోను, నిలుకడగల సిగ్నలు, ఇంటిలో ఒంటరిగా మాటలాడుటకు ఒక గది, ఈ మూడును గలవాడు పట్టణపు వకీలే గాని అతని కక్షిదారుడు కాడు. తన కేసు పిలిచినదో లేదో, ఏమి జరిగినదో వానికి గుమాస్తా చెప్పిన మాటయే ఆధారము. కక్షిదారులకు వీడియో సదుపాయము లేనిచో కోర్టే కల్పింపవలెనని ఉత్తర్వులో నుండెను. అయితే ఆ సదుపాయమున్న కోర్టు వఱకు వచ్చుటకే దారి లేని దినములవి. ఇట్టి సమయములలో గ్రామ సచివాలయములోనో, మండల కార్యాలయములోనో ఒక గదిని, ఒక కంప్యూటరును కక్షిదారుల కొఱకు కేటాయించుట స్థానికాధికారుల చేతిలోని పని.

అత్యవసరము అను మాటను గూర్చియు కొంత చెప్పవలయును. జామీను, హెబియస్ కార్పస్, కూల్చివేతలపై స్టే మొదలగునవి వెంటనే ఆ జాబితాలో చేరినవి. అనేక హైకోర్టులు తమ మధ్యంతర ఉత్తర్వులను గంపగుత్తగా పొడిగించి, ఇండ్లనుండి తొలగించుటను, కూల్చివేతలను నిలిపినవి. మునిసిపలు కమీషనరులు దీనిని అనుభవపూర్వకముగా నెఱుగుదురు. కాని భర్త మనోవర్తి బాకీ పెట్టిన స్త్రీ దరఖాస్తు అత్యవసరమా? 2005 గృహహింస చట్టము ప్రకారము మొదటి వాయిదా సాధారణముగ మూడు దినములకు మించరాదు. 2020 ఏప్రిల్‌లో గృహహింసను గూర్చిన ఫిర్యాదులు పెరిగినవని జాతీయ మహిళా కమీషనువారు తెలిపిరి. కొట్టినవాని ఇంటిలోనే బంధింపబడినయామె వకీలుతో ఫోనులో నెట్లు మాటలాడును? నాలుగు వందల రూపాయల బాకీ వంటిదని పైకి కనబడు మనోవర్తి, కూలి లేని నెలలో బిడ్డల తిండి. జాబితా వ్రాయువారు ఈ సంగతి తలంపకపోయినచో అది జాబితాలో చేరదు.

లాక్‌డౌను ఉల్లంఘన కేసులు వేఱొక బరువు. బొంబాయి ప్లేగు దినములలో, 1897లో, పుట్టిన అంటువ్యాధుల చట్టము నాలుగే సెక్షనులు గలది. ఉత్తర్వును మీఱినవానిని ఇండియను పీనలు కోడు 188వ సెక్షను క్రింద శిక్షింపవచ్చునని మూడవ సెక్షనును, సద్భావముతో పనిచేసిన యధికారిపై దావా చెల్లదని నాలుగవ సెక్షనును చెప్పినవి. ఇందు అధికారులు తఱచు మఱచిన నియమమొకటి కలదు. 188వ సెక్షను నేరమును, ఉత్తర్వు చేసిన యధికారిగాని ఆతని పై యధికారిగాని వ్రాతమూలకముగ ఫిర్యాదు చేసిననే తప్ప కోర్టు విచారణకు తీసికొనరాదని క్రిమినలు ప్రొసీజరు కోడు 195వ సెక్షను విధించినది. 2024 జులై నుండి ఈ రెండు నియమములును క్రమముగా భారతీయ న్యాయ సంహిత 223, నాగరిక్ సురక్షా సంహిత 215 సెక్షనులలో ఉన్నవి. కేవలము పోలీసు స్టేషనులో నమోదైన కేసు ఈ కారణముననే వీగిపోగలదు. అసంఖ్యాకములైన ఇట్టి కేసులు మూసియున్న కోర్టుల ముందు కుప్పపడినవి. తమిళనాడు ప్రభుత్వము 2021 ఫిబ్రవరిలో సుమారు పది లక్షల కేసులను ఉపసంహరించునట్లు ప్రకటించినది. పెట్టక మునుపే తలంచియున్నచో ఆ కాగితము, ఆ కాలము మిగిలియుండెడివి. విచిత్రమేమన, వైద్యసిబ్బందిపై దౌర్జన్యమును శిక్షించుటకై 2020 ఏప్రిల్ 22వ తేదీన అదే చట్టమునకు చేసిన సవరణలో, దర్యాప్తు 30 దినములలోను, విచారణ ఒక సంవత్సరములోను ముగింపవలెనని వ్రాసిరి. కోర్టులు మూసియున్న నెలలోనే ఆ గడువు పుట్టినది.

తుదకు చావుల రిజిస్టరు. 2021 జూన్ 30వ తేదీన సుప్రీంకోర్టువారు కోవిడ్ మృతుల కుటుంబములకు సహాయధనము విషయమై నియమములు చేయవలెనని ఆదేశింపగా, జాతీయ విపత్తు నిర్వహణాధికార సంస్థవారు మరణమునకు రూ. 50,000 అని నిర్ణయించిరి. సర్టిఫికెట్టులో కోవిడ్ అను మాట లేదన్న ఒక్క కారణముతో దరఖాస్తును త్రోయరాదని 2021 అక్టోబరు 4వ తేదీన కోర్టు స్పష్టము చేసినది. పరీక్ష జరిగిన 30 దినములలోపల ఆసుపత్రి వెలుపల మరణించినను లెక్కకు వచ్చును. అయినను చెల్లింపు మందగించినది. 2022 జనవరి 19న ఆంధ్రప్రదేశ్, బీహారు రాష్ట్రముల ప్రధాన కార్యదర్శులను కోర్టు పిలిపించి సంజాయిషీ కోరినది. ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన దరఖాస్తులు, ప్రభుత్వము లెక్కించిన కోవిడ్ మరణములకు రెట్టింపు కంటె మించియుండెను. దీనికి రెండు అర్థములుండవచ్చును: లెక్క తక్కువైనదనియు, దొంగ దరఖాస్తులు చేరినవనియు. కోర్టు రెండవదానినిగూడ విస్మరింపక, ఆంధ్రప్రదేశ్, గుజరాతు, కేరళ, మహారాష్ట్రములలో నూటికి అయిదు వంతుల దరఖాస్తులను తనిఖీ చేయుటకు 2022 మార్చి 24న అనుమతించినది. నిజమైన వితంతువును దొంగ దరఖాస్తుదారునినుండి వేఱుచేయునది మునిసిపలు ఆరోగ్య విభాగపు చావుల రిజిస్టరులోని ఒక వరుసయే.

ఆ వరుస సకాలమున వ్రాయబడనిచో ఏమగునో కూడ ఆ దినములే చూపినవి. 1969 జనన మరణముల రిజిస్ట్రేషను చట్టము ప్రకారము చావును 21 దినములలో తెలుపవలెను. ఒక సంవత్సరము దాటినచో అప్పటి నియమమున మొదటి తరగతి మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలెను. 2020 వేసవిలో స్వగ్రామమున మరణించి, ఎవ్వరును నమోదు చేయింపనివాని కుటుంబము 2021 వేసవిలో ఆ ఉత్తర్వు కొఱకు కోర్టుకు పోవలసివచ్చినది. అప్పుడు రెండవ విజృంభణముతో కోర్టులు మరల మూసియుండెను. సర్టిఫికెట్టు లేనిదే సహాయధనము లేదు, బ్యాంకు ఖాతా మారదు, పట్టా మారదు. 2023లో పార్లమెంటు ఈ నియమమును మార్చినది. ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీ నుండి ఒక సంవత్సరము దాటిన మరణములను జిల్లా మేజిస్ట్రేటు గాని, సబ్‌డివిజనలు మేజిస్ట్రేటు గాని, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గాని ఇచ్చు ఉత్తర్వుపై నమోదు చేయుదురు. మునుపు కోర్టు గుమాస్తా బల్లపై కాచుకొనియుండిన ఆ ఫైలు ఇప్పుడు రెవెన్యూ అధికారుల బల్లపైకి వచ్చుచున్నది.